మూడో బోరు నాడు పుట్టిన పిల్ల

సోమవారం పొద్దున సిద్దమ్మ అనుకున్న పని చాలా చిన్నది. తొమ్మిదింటి బస్సుకు బత్తలపల్లె పోయి, కూతురు హేమలత జాతకం రాయించుకుని, మధ్యాహ్నానికి ఇల్లు చేరడం. సాయంత్రంలోగా దాన్ని ఫోనులో గుత్తికి పంపాలి. పెళ్లికొడుకు గంగాధర్ వాళ్ల అవ్వ మారెమ్మ, జాతకం చూడందే మాట ఇవ్వనని కచ్చితంగా చెప్పింది. అంతకుముందు నాలుగు సంబంధాలు వద్దన్న హేమలత, గంగాధర్ ఫొటో చూసి మాత్రం వద్దనలేదు. ఈ సంబంధం చేజారకూడదని సిద్దమ్మ పట్టుదల.

ఆ ఇంట్లో ఇంతవరకు ఎవరికీ జాతకం లేదు. ఏమేం కావాలో కనుక్కుందామని హేమలత ముందుగా జ్యోతిష్కుడు మార్కండేయకు ఫోను చేసింది.

"పుట్టిన తేదీ, టైము, ఊరు. మూడూ చెప్తే చాలమ్మా, కంప్యూటరే గీస్తాది."

"సర్టిఫికెట్లో జూన్ ఒకటి అని ఉండాది."

"అది బడిలో సారు రాసింది. మండలంలో సగంమంది ఆపొద్దే పుట్టినారు. నిజంగా ఎప్పుడు పుట్టినావో మీ అమ్మనడుగు."

సిద్దమ్మ తడుముకోలేదు. "మూడో బోరు వేసినపొద్దు. బోరు లారీ అట్ల పోయింది, నువ్విట్ల పుట్టినావు."

"మూడోది కాదు మేయ్, నాలుగోది," అన్నాడు ఆమె మొగుడు తిప్పయ్య, ఎనుములకు మేత వేసి వస్తూ.

"నాలుగో బోరు నాటికి పిల్ల నడుస్తాండె. నొప్పులు పడింది నువ్వా, నేనా?"

"బోర్లు వేయించింది నేను గదా!"

బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది. తిప్పయ్య ఫోను తీసి సుంకప్పకు కలిపాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేను తిరిగి, అది నిలువుగా లేచిన చోట నీళ్లున్నాయని బోరు పాయింటు చెప్పడం సుంకప్ప వృత్తి. తిప్పయ్యకు ఆరుసార్లు చెప్పాడు. ఆరుసార్లూ దుమ్మే వచ్చింది.

"సుంకప్పా, మన బోరు సంగతి..."

"వస్తాండా అన్నా!" ఫోను ఆగిపోయింది.

అరగంటలో సుంకప్ప దిగాడు. తెల్లపంచె, నుదుట కుంకుమ, చేతిలో పళ్లెం. పళ్లెంలో పూజకు పూలు, ఆకువక్క, మధ్యలో టెంకాయ. పక్కింటి రంజాన్ బీ గోడ మీదుగా పళ్లెం చూసింది.

"ఏం సిద్దక్కా, పిల్లకు నిశ్చయం పెట్టుకుని నాకొక మాట చెప్పకపోతివే!"

లోపల మూడో బోరు మీద వాదిస్తున్న సిద్దమ్మకు వినబడలేదు. రంజాన్ బీ అలిగి, గుత్తిలో కాపురమున్న కూతురు సమీనాకు ఫోను చేసి బాధ చెప్పుకుంది. సమీనా ఉండేది గంగాధర్ వాళ్ల ఎదురింట్లో.

ఇక్కడ సుంకప్ప అప్పటికే పెరడంతా తిరిగేశాడు. "ఈడే అన్నా! వంటింటి గడప కాడ నీళ్లు తన్నుకొస్తాండాయి!"

"పాయింటు కాదప్పా నేనడిగేది! మూడో బోరు ఏ తేదీన వేస్తిమి?"

"నీళ్లు పడని బోరుకు తేదీలెవరు పెట్టుకుంటారన్నా?"

మధ్యాహ్నం సుంకప్పకు సిద్దమ్మ విస్తరి వేస్తుండగా వాకిట్లో కారు ఆగింది. ముందు మారెమ్మ దిగింది, వెనక గంగాధర్.

"ఏం సిద్దమ్మా! మాకు సాయంత్రం దాకా గడువిచ్చి, పొద్దున్నే ఇంకొకరికి ఆకువక్క ఇస్తాండావా?"

సిద్దమ్మ నోరు తెరిచేలోగా మారెమ్మ పళ్లెంలోని టెంకాయ తీసి హేమలత ఒడిలో పెట్టేసింది. "ఈ పిల్ల మాది!"

"అది పాయింటు టెంకాయ..." అన్నాడు సుంకప్ప. ఎవరూ పట్టించుకోలేదు. హేమలత దాన్ని తిరిగి ఇవ్వలేదు.

"జాతకం ఇంకా కాలేదు పెద్దమ్మా," అంది సిద్దమ్మ, దాచడం ఇష్టంలేక.

మారెమ్మ మనవడి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "మావోనికి మాత్రం యాడుండాది? మీ పిల్లది వస్తే, దానికి సరిపోయేటట్ల వీనికి రాయించుదామని అడిగితి."

మరునాడు మార్కండేయ రెండు జాతకాలూ ఒకేసారి రాసిచ్చి, పొంతన ఇంత చక్కగా కుదరడం చాలా అరుదని చెప్పాడు.