రాజేశం గారి పిస్టల్ ట్రయల్

గల్ఫ్ కార్మికుల కన్నీళ్లు తుడిచే బృహత్తర కార్యక్రమంలో భాగంగా ప్రజల మనిషి, మార్కెట్ కమిటీ మాజీ చైర్మన్ శ్రీ రాజేశం గారు ఒమన్ దేశంలో సుడిగాలి పర్యటన జరుపుతారని ప్రకటన వెలువడింది. రాసింది ఆయన పీఏ కుమార్. వెలువడింది వాట్సాప్‌లో. సుడిగాలికి వ్యాన్ అవసరం పడింది కాబట్టి నన్ను పిలిచారు.

నా పేరు ప్రేమచంద్. మాది కాకినాడ వైపు. మా ఆవిడ దీవెనమ్మ మస్కట్‌లోని బౌషర్‌లో నర్సు, నేను వ్యాన్ నడుపుతాను. రాష్ట్రం రెండయి అప్పటికి ఏడాది దాటినా, మస్కట్‌లో మా రెండు రాష్ట్రాల సంఘాలకీ వ్యాన్ ఒకటే. అది నాది.

ఎయిర్‌పోర్టులో దండ వేయడానికి మూడు గంటల దూరంలోని ఇబ్రి నుంచి లచ్చన్న వచ్చాడు. తాపీ మేస్త్రీ, పార్టీ కార్యకర్త. అతను ఊరు విడిచినప్పుడు భార్య లస్మవ్వ కడుపులో ఉన్న పిల్లవాడు ఇప్పుడు బడికి వెళుతున్నాడు. తండ్రి గొంతు ఫోన్లో వినడమే గానీ మొహం ఎలా ఉంటుందో వాడికి తెలియదు. కంపెనీ మేనేజరు లచ్చన్న పాస్‌పోర్టు లాకర్లో పెట్టుకుని ఏటేటా వచ్చే ఏడు సెలవు అంటున్నాడు. ఆ మేనేజరు రాజేశం గారి ఊరివాడే. సారు ఒక్క మాట చెబితే పాస్‌పోర్టు చేతికొస్తుంది, లచ్చన్న విమానం ఎక్కుతాడు.

"ఒక్క ఫోను సారు, గంతే" అన్నాడు లచ్చన్న దండ వేస్తూ.

"ఒక్కటెందుకురా, పది చేస్త" అన్నారు సారు. ఎంత విశాల హృదయం అనుకున్నాను.

లచ్చన్న, కుమార్ కూడా ఎక్కి వ్యాన్ కదిలాక సారు ముందుకు వంగి మెల్లగా అడిగారు. "ప్రేమచంద్, ఇక్కడ పిస్టల్ పేల్చి చూసే జాగ ఏడ ఉన్నది?"

నేను తిరగాల్సిన మలుపు దాటేశాను. "మనం వెళ్తున్నది కార్మికుల క్యాంపుకి కదండీ?"

"క్యాంపు ఏడికి పోతది? ఆడనే ఉంటది."

నిజమే. క్యాంపులో వాళ్లు ఎక్కడికీ పోలేకే కదా ఆయన వచ్చింది.

సారు కష్టం విన్నాక నాకూ మనసు కరిగింది. చైర్మన్‌గా ఉన్నప్పుడు ఆయనకి ఇద్దరు గన్‌మన్లు ఉండేవారు. పదవి పోగానే వాళ్లనీ తీసేశారు. గన్‌మన్ లేని నాయకుడు బాజా లేని పెళ్లి లాంటివాడు, జరిగినా ఎవరికీ తెలియదు. మొన్న ఒక పెళ్లిలో ఆయన్ని స్టేజీ మీదికి పిలవకపోగా, ప్లేటు చేతికిచ్చి భోజనాల దగ్గర లైన్లో నిలబెట్టారట. అందుకని సొంతంగా పిస్టల్ కొందామనుకున్నారు. లైసెన్సు కావాలంటే ప్రాణహాని చూపించాలన్నారు. ఈయన బాగా ఆలోచించి రాజకీయ ప్రత్యర్థి పేరు రాసిచ్చారు. పోలీసులు వెళ్లి ప్రత్యర్థిని అడిగితే "ఏ రాజేశం?" అన్నాడట.

"పోనీ ముందుగాల సరుకన్న చూద్దామని హైదరాబాద్‌ల దుకాణంకు పోయిన" అన్నారు సారు. "లైసెన్స్ లేంది ముట్టనియ్యం అన్నరు. పుచ్చకాయ కొంటెనే తట్టి చూస్తం. పిస్టల్‌ను పట్టి చూడకుండ ఎట్ల కొంటం?"

ఇంత ప్రజాస్వామికమైన ప్రశ్నని గౌరవించి ముందు మత్రా బజారుకి తీసుకెళ్లాను. అక్కడ వెండి ఒర ఉన్న ఖంజర్లు అమ్ముతారు, ఇక్కడివాళ్లు పండగలకి నడుముకి కట్టుకునే వంకీ కత్తులు. నడుము దగ్గర ఆయుధం ఉంటే ఎలా ఉంటుందో చూసుకోవచ్చని నా ఉద్దేశం. సారు ఒకటి కట్టుకుని అద్దం ముందు నిలబడ్డారు, నడిచారు, జిందాబాద్ కొట్టినట్టు చెయ్యెత్తారు. అంతా బాగుంది. చివరికి వంగి చూశారు.

"ఇది పనికిరాదు" అన్నారు పొట్ట పట్టుకుని. "ఓట్లప్పుడు ముసలోళ్ల కాళ్లు మొక్కాలె. వంగితే గుచ్చుతది."

అక్కణ్ణించి ఊరి బయట ఉన్న షూటింగ్ రేంజికి వెళ్లాం. అక్కడ కౌంటర్‌లో ఉన్నది మన నిజామాబాద్ ఖమరుద్దీన్. సారు దేశసేవ గురించి కుమార్ ఐదు నిమిషాలు చెప్పాడు.

"అంత మంచిగనే ఉంది భాయ్" అన్నాడు ఖమరుద్దీన్. "ఇక్కడి బతాకా ఉందా? రెసిడెంట్ కార్డు. విజిట్ వీసా మీద వచ్చినోళ్లకు పిస్టల్ ఇయ్యం."

సారు మొహం వాడిపోయింది. అయితే ఆయన ప్రజాజీవితంలో ఆరితేరిన మనిషి. ఆయన నిరాహార దీక్షలు కార్యకర్తలే వంతులవారీగా చేశారు. ఆయన పాదయాత్ర కార్యకర్తలే నడిచారు, చివరి ఊళ్లో ఈయన కారు దిగి కలిశారు. ఆయన బదులు జైలుకి కూడా వాళ్లే వెళ్లొచ్చారు. లచ్చన్న జేబులో బతాకా ఉంది.

"లచ్చన్నా, నువ్వు పేల్చు. కార్యకర్త పేలిస్తే నేను పేల్చినట్టే."

"నాకు రాదు సారు. ముందు మేనేజరుకు ఫోను..."

"చేస్త. చేతిల ఉన్న పని కానీ."

లచ్చన్న చెవులకి డిప్పలు పెట్టించుకుని, కళ్లు మూసుకుని పేల్చాడు. గురి బొమ్మకి ఏమీ కాలేదు. సారు అద్దం వెనక నుంచి చూసి, బయటికి రాగానే పట్టుకున్నారు.

"ఎట్లున్నది?"

"బరువున్నది సారు."

"ఎన్కకు తంతదా?"

"తంతది."

"నాకు ఆగుతదా?"

"నాకైతే ఆగింది సారు."

"అంటె నాకు ఆగినట్టే." సారు కళ్లు మూసుకుని కుడి చెయ్యి రెండుసార్లు ఊపుకున్నారు. తర్వాత కళ్లు తెరిచి అసలు విషయానికి వచ్చారు. "పేల్చుడు పెద్ద ముచ్చట గాదు. పిస్టల్ ఉండేది జనం చూసుటానికి. ఎదురుంగ నిలబడ్డోనికి భయమైతదా లేదా, అది జూడాలె."

అసలు పిస్టల్ మనుషుల వైపు తిప్పితే పోలీసుల్ని పిలుస్తానన్నాడు ఖమరుద్దీన్. నేర్చుకునేవాళ్ల కోసం ఉంచిన ప్లాస్టిక్‌ది ఇస్తానని, అదీ బయటికెళ్లి చూసుకోమని అన్నాడు. వెళ్లాం. సారు గోడకి వీపు ఆనించి నిలబడ్డారు. లచ్చన్న ఎదురుగా నిలబడి ప్లాస్టిక్ పిస్టల్ గురిపెట్టాడు.

"నవ్వకురా. పండ్లు కొరుకు. నేను నీకు దుష్మన్‌ను అనుకో."

లచ్చన్నకి అది చేతకాలేదు. సారు మీద ఎంత అభిమానమో, ఎంత ప్రయత్నించినా కోపం రాలేదు.

"సెలవు దొరకది, పాస్‌పోర్ట్ దొరకది అనుకో" అన్నాడు కుమార్.

వెంటనే వచ్చింది. నేనే ఒక అడుగు వెనక్కి వేశాను. సారు రెండు చేతులూ పైకెత్తి, "మంచిగున్నది, మంచిగ భయమైతున్నది" అని ఎంతో సంతోషించారు. కుమార్ ఫోటోలు తీశాడు.

ఆ సంతోషంలో క్యాంపుకి వెళ్లే వేళ మించిపోయింది. మర్నాడు సారు విమానం ఎక్కేముందు లచ్చన్న మళ్లీ గుర్తు చేశాడు. సారు ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "నెట్‌వర్క్ లేదు, ఇంటికి పోయినంక తప్పకుండ చేస్త" అని అతని భుజం తట్టారు.

తర్వాతి వారం ఊరి పేపర్లో మొదటి పేజీలో వచ్చింది. "గల్ఫ్ గడ్డపై ప్రజానేతపై హత్యాయత్నం. త్రుటిలో తప్పిన ముప్పు." ఫోటోలో సారు చేతులెత్తి ఉన్నారు. ఎదురుగా లచ్చన్న పళ్లు కొరుకుతున్నాడు. నిందితుడు స్వదేశంలో అడుగుపెట్టగానే పట్టుకుంటామని పోలీసులు చెప్పారు.

నేను సారుకి ఫోన్ చేశాను. "అది ప్లాస్టిక్‌దండీ."

"పేపర్ల ప్లాస్టిక్ అని కనవడుతున్నదా?"

"లేదండీ."

"మరింకేంది?"

ప్రభుత్వం చలించింది. లైసెన్సు ఇచ్చింది. ప్రాణహాని ఇంత తీవ్రంగా ఉంటే పిస్టల్ ఒక్కటీ ఏం చాలుతుందని గన్‌మన్లనీ తిరిగి పంపింది. గన్‌మన్లు వచ్చాక సారుకి పిస్టల్ కొనే అవసరమే రాలేదు.

పేపరు వాట్సాప్‌లో ఇబ్రిలో మేనేజరుకీ చేరింది. ఆయన హడలిపోయి లచ్చన్నని పిలిచి, పాస్‌పోర్టు, టికెట్ చేతిలో పెట్టి, ఆ రోజే వెళ్లిపొమ్మన్నాడు. లచ్చన్న నాకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాడు. "అన్నా, సారు మాట్లాడినట్టున్నడే. దేవుడు." హైదరాబాద్‌లో పోలీసులు ఉంటారని చెప్పాను. "ఉండనీ అన్నా. పోరన్ని చూసినంక తీస్కపోనీ. నేను ఏం జేసిన్నో ఉన్నదున్నట్టు చెప్త."

ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్లడానికి నేను ఇబ్రి వెళ్లేసరికి అతను ఆఫీసు మెట్ల మీద పెట్టె పక్కన కూర్చుని ఉన్నాడు. లోపల మేనేజరు స్పీకర్ పెట్టి మాట్లాడుతున్నాడు. ఆ గొంతు నేను గుర్తుపట్టాను.

"వాన్ని పంపకు. వాడు వచ్చి ఉన్నది చెప్పిండంటె కేసు ఎగిరిపోతది, గన్‌మన్లు ఎగిరిపోతరు. నా మాట మీద వాన్ని ఆడనే మంచిగ చూసుకో."

మేనేజరు బయటికి వచ్చి పాస్‌పోర్టు తీసుకున్నాడు. లాకరు మూసిన చప్పుడు మెట్ల దాకా వినిపించింది. రాజేశం గారు ఇచ్చిన మాట తప్పరు. ఫోన్ చేస్తానన్నారు, చేశారు.

లచ్చన్న నా ఫోన్ తీసుకుని అందులో పేపరు ఫోటో వంక చూశాడు.

"లస్మవ్వ ఫోన్ జేసిందన్నా. పోరడు గీ ఫోటో కత్తిరించి బడికి తీస్కపోయి అందరికి చూపిస్తున్నడట, మా నాయిన అని" అన్నాడు. "జెర నవ్వుతున్నప్పుడు తీస్తె మంచిగుండేది."