సారు లోపలే ఉండాడు

శనివారం పొద్దున బాలచంద్ర వేసుకున్న పథకం చాలా చిన్నది. పిల్లలు మట్టి ఇటుకలతో కడుతున్న చదువుల గది గోడలు పూర్తి చేస్తారు, దాని మీద కొబ్బరి మట్టల కప్పు పెడతారు, సాయంకాలం తల్లిదండ్రులు వచ్చి చూసి నోళ్ళు వెళ్ళబెడతారు. ఈ మూడూ జరిగాయి. కాకపోతే ఆ నోళ్ళు వెళ్ళబెట్టింది ఆయన అనుకున్నందుకు కాదు.

పూతలపట్టు దాటి తిరుపతి రోడ్డులో కాస్త దూరం పోతే, మామిడి తోపుల మధ్య ఉంటుంది ఆ బడి. సొంతదారూ, హెడ్మాస్టరూ, అవసరమైతే గంట కొట్టేవాడూ బాలచంద్రే. అక్కడ లెక్కలు కూరగాయల మడుల్లో, సైన్సు వంటింట్లో నేర్పుతారు. పెద్దవాళ్ళకు ఒకటే నియమం: పిల్లలు అడిగితే తప్ప చెప్పకూడదు. తప్పు చేస్తుంటే చూస్తూ ఉండాలి, అంతే. ఈ నియమం కనిపెట్టింది తనేనని బాలచంద్రకు మహా గర్వం. తన మీద తనకు గౌరవం కొంచెం ఎక్కువే. ఇంకెవరూ పెట్టుకున్నట్టు కనబడకపోవడంతో వాళ్ళ వంతు కూడా తనే పెట్టుకున్నాడు.

ఆ గౌరవానికి ముందురోజు సాయంకాలమే గండి పడింది. మామిడికాయల మండీ నడిపే మునిరామయ్య ఫోను చేశాడు. ఆయన కూతురు రూపశ్రీ ఈ బడిలోనే ఏడో తరగతి.

"సారూ, మా పాప ఇంటికొస్తే సేతులకు మట్టి, కాళ్ళకు మట్టి. పుస్తకం మాత్రం కొన్నది కొన్నట్టే ఉండాది. నిన్న మా ఊరోళ్ళంతా కూర్చోని మాట్లాడుకున్నాము. పిల్లోళ్ళను టౌను బడిలో ఏస్తాము. రేపు సాయంకాలం వస్తాము, టీసీలు రాసిపెట్టండి."

మునిరామయ్య ఎటు పోతే ఆ ఊరు అటు పోతుంది. ఆ ఊరు పోతే సగం బడి పోతుంది. మిగిలిన సగంతో నెట్టుకొచ్చే తాహతు బాలచంద్రకు లేదు, గేటుకు తాళం వెయ్యాల్సిందే. "ఒక్కసారి పిల్లలు కట్టిన గది చూడండి, అప్పుడు చెప్పండి" అని బతిమాలాడు.

అందుకే పొద్దున్నే పిల్లల్ని పిలిచి, "ఈ రోజు మీరే మేస్త్రీలు, నేను కూలీని. కూలీకి నోరుండదు. మీరు చెప్పింది చేస్తాను" అని ప్రకటించాడు. గది గుండ్రంగా ఉంటుంది. తూర్పు సగం రూపశ్రీ జట్టుకు, పడమటి సగం అజ్మల్ జట్టుకు. మోకాలెత్తున్న గోడ దాటి లోపలికి అడుగుపెట్టిన బాలచంద్రను రూపశ్రీ ఒక పీట వేసి కూర్చోబెట్టింది. "లోపలి పక్కంతా నున్నగా మెత్తండి సార్. గుంతలు కనపడితే మళ్ళా మెత్తిస్తాను" అంది.

గోడ రొమ్ము ఎత్తుకు వచ్చినప్పుడు ఆయన నడుం పట్టుకుని లేచి చుట్టూ చూశాడు. తలుపుకు సందు ఎక్కడా లేదు. తలుపు పడమర వస్తుందని తూర్పు జట్టు, తూర్పున వస్తుందని పడమటి జట్టు ధీమాగా కట్టుకుంటూ పోతున్నాయి. ఇంకొకడైతే "ఒరేయ్, తలుపు!" అని అరిచేవాడు. బాలచంద్రకు ఒళ్ళు పులకరించింది. ఆహా, ఎంత మంచి తప్పు! దీన్ని వాళ్ళంతట వాళ్ళే ఎలా కనుక్కున్నారో సాయంకాలం మునిరామయ్యకు వర్ణించి చెప్పాలి. చెప్పబోయే ఉపన్యాసాన్ని మనసులో కూర్చుకుంటూ మళ్ళీ పీట మీద కూలబడ్డాడు. ఉపన్యాసం బ్రహ్మాండంగా కుదిరింది. తలెత్తి చూస్తే, పిల్లలు బెంచీలెక్కి గోడను ఆయన తల దాటించేశారు. పైన పలక వేసి వదిలిన, ముఖం పట్టేంత కిటికీ ఒకటి మాత్రం మిగిలింది.

ఇంతలో "హైలెస్సా" అంటూ కప్పు కూడా ఎత్తి పెట్టేశారు. లోపల చీకటి పడింది. ఇప్పుడైనా అరుద్దామా అనుకున్నాడు. కానీ పొద్దున్నించి బిగబట్టిన నోరు ఆఖరి నిమిషంలో విప్పితే ఇంక ఆ నియమానికి విలువేముంది? మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. బయటికి దారి ఉన్న మొండివాడి గురించే ఆ మాట అని ఆయనకు అప్పుడు తోచలేదు. సారు అవతలి తలుపులోంచి వెళ్ళిపోయి ఉంటాడని రెండు జట్లూ అనుకుని, చేతులు కడుక్కుని అన్నాలకు పోయాయి.

కొత్తగా చేరిన ఫిర్దోస్ టీచరు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చి కిటికీలోంచి చూసి అదిరిపడింది. ఆమె నోరు తెరిచేలోపే బాలచంద్ర పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. "పిల్లలకు చెప్పొద్దు టీచర్. నేను నోరు విప్పకూడదు. వాళ్ళంతట వాళ్ళకే తెలియాల" అన్నాడు గుసగుసగా. ఫిర్దోస్ తల ఊపింది. ఈ బడిలో దేనికీ కారణం అడక్కూడదని ఆమె చేరిన వారంలోనే గ్రహించింది.

సాయంకాలం వస్తానన్న మునిరామయ్య మధ్యాహ్నమే దిగాడు, వెనక ఊరంతా ఉంది.

"సారు యాడమ్మా?"

"ఆ గదిలో ఉండారు" అంది ఎదురొచ్చిన ఫిర్దోస్.

మునిరామయ్య గది చుట్టూ తిరిగొచ్చాడు. "తలుపేదీ?"

"లేదన్నా."

"మరి పిలువు."

"నోరు విప్పరంట. వాళ్ళంతట వాళ్ళకే తెలియాల అన్నారు."

"అన్నమన్నా తిన్నాడా?"

"పొద్దున్నించి పచ్చి మంచినీళ్ళు గూడా లేవు" అంది ఫిర్దోస్, ఉన్న మాటే.

మునిరామయ్య ముఖం పాలిపోయింది. "ఓరి నాయనో! దీక్ష పట్టినాడప్పా! నిన్న నేను టీసీలు అడిగినానని నిరాహారదీక్ష పట్టినాడు. తెలియాల్సింది మనకే!"

"దీక్షంటే టెంటు ఏసుకుంటారు గదన్నా, గోడ ఏంది?" అన్నాడు వెనక ఎవరో.

"టెంటులో అయితే పోలీసులు ఎత్తుకపోతారని ముందుచూపు!"

బాలచంద్ర కిటికీ పక్కన చెవి పెట్టి ఇదంతా విన్నాడు. ఒక్క మాట అంటే తేలిపోయేది. కానీ మునిరామయ్య గొంతులో మొట్టమొదటిసారి జాలి వినబడింది. టీసీల గండం దానంతట అదే గడుస్తుంటే తానెందుకు అడ్డం పడాలి? మాట మింగేశాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పిల్లలకు పాఠం చెప్పే మనిషి, చీలమండల దాకా అడుసులో నిలబడి మరీ మింగేశాడు.

అదే సమయానికి, తిరుమలకు నడిచిపోయే భక్తుల గుంపు ఒకటి రోడ్డు మీద వచ్చింది. పసుపు చీర కట్టుకుని ముందు నడుస్తున్నది కాణిపాకం పక్క పల్లె వరదమ్మ. జనాన్ని చూసి లోపలికి వచ్చింది. "ఏందప్పా ఇది?"

"మా సారు గోడ కట్టించుకోని లోపల కూర్చున్నాడు. తినడు, మాట్లాడడు" అన్నాడు మునిరామయ్య.

"సుట్టూ గోడా? పైన కప్పా? తలుపు లేదా?" వరదమ్మ చెంపలు వేసుకుంది. "ఇది దీక్ష కాదు నాయనా, జీవసమాధి! ఏడుకొండలవాడా, పోయే దోవలోనే సూపించినావా తండ్రీ!"

గోవింద నామాలు మామిడి తోపంతా మోగాయి. కొబ్బరికాయ పగిలింది, కర్పూరం వెలిగింది. కిటికీలోంచి ఒక చెయ్యి వచ్చి బాలచంద్ర నుదుట ఇంత కుంకుమ పెట్టిపోయింది.

"సమాధి అంటే కిటికీ గూడా మూయాల గదా?" అన్నాడు గుంపులో ఒక పెద్దాయన. "ఈడ ఇటుకలు మిగిలే ఉండాయి."

బాలచంద్రకు నియమం, దీక్ష, ఉపన్యాసం అన్నీ ఒక్కసారి ఎగిరిపోయాయి. "తలుపు లేదు! గోడకు తలుపు లేదు!" అని కిటికీలోంచి పొలికేక పెట్టాడు.

"ఇన్నారా? గోడకు తలుపు లేదంట! ఎంత తత్వం సెప్పినాడు సామి!" అంది వరదమ్మ కళ్ళొత్తుకుంటూ.

"అయ్యో తల్లీ! నన్ను బయటికి తియ్యండి!"

"మనలో ఉండే 'నేను'ను బయటికి తియ్యాలంట. అహంకారం పోవాల అంటా ఉండాడు. గోవిందా!"

"గోయిందా!" అంది గుంపు. ఆ మాట ప్రస్తుతం తనకు బాగా వర్తిస్తుందని బాలచంద్రకు తోచింది.

ఈ గోలకు పిల్లలు పరుగెత్తుకొచ్చారు. రూపశ్రీ జనాన్ని తోసుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. "సార్! మీరింకా లోపలేం చేస్తా ఉండారు?"

"తలుపేదమ్మా?"

"అజ్మల్ వాళ్ళ పక్క."

"మా పక్క యాడుండాది? మీ పక్కే గదా!" అన్నాడు అజ్మల్.

ఇద్దరూ చెరో వైపు నుంచి గోడ తడుముకుంటూ పోయి అవతల ఒకరికొకరు ఎదురుపడ్డారు. అంతే, పిల్లలంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. మునిరామయ్య మాత్రం నవ్వలేదు. "దీక్ష కాదా! ఎవురన్నా గడ్డపార తేండప్పా!" అని అరిచాడు.

"ఉండు నాయనా" అంది రూపశ్రీ. కిటికీ వైపు తిరిగింది. "సార్, తలుపు లేదని మీకు ఎప్పుడు తెలిసింది?"

"గోడ... రొమ్ము దాకా వచ్చినప్పుడు."

"మరి సెప్పలేదే?"

"మీ అంతట మీరే కనుక్కోవాలని."

పిల్లలు పక్కకు పోయి గుసగుసలాడుకుని వచ్చారు. "అయితే మేమూ సెప్పము సార్. పచ్చి గోడ. యాడబడితే ఆడ తవ్వితే మీ మీదే కూలుతుంది. యాడ తవ్వాలో మీరే కనుక్కోండి" అంది రూపశ్రీ. అజ్మల్ కిటికీలోంచి తాపీ అందించాడు.

ఊరూ, భక్తులూ, పిల్లలూ చూస్తుండగా బాలచంద్ర చీకట్లో గోడ చుట్టూ తిరిగాడు. "ఈడ తవ్వనా?" అని ఒక చోట తట్టాడు.

"ఆడ తవ్వితే పైన ఇటుకల్ని ఏం మోస్తుంది సార్?" అన్నాడు అజ్మల్, అచ్చం బాలచంద్ర గొంతుతోనే, అంతే ఓపికగా. ఆ ఓపిక ఎదుటివాడికి ఎంత కంపరంగా ఉంటుందో ఆయనకు ఇన్నేళ్ళకు తెలిసింది.

మరో రెండు చోట్ల ఓడిపోయి, సిగ్గుతో చెవులు కాలిపోతుంటే తలెత్తి వెలుతురు వస్తున్న వైపు చూశాడు. "కిటికీ! కిటికీ మీద పలక వేశారు గదా, పైబరువంతా అదే మోస్తుంది. దాని కింద తవ్వాలి!"

"భేష్ సార్!" అని పిల్లలంతా చప్పట్లు కొట్టారు. భక్తులూ కొట్టారు. కిటికీ కింద ఇటుకలు ఒక్కొక్కటే ఊడబీకి, ఒళ్ళంతా మట్టితో, నుదుట కుంకుమతో బాలచంద్ర వంగి బయటికి వచ్చాడు. వరదమ్మ ఆ కాళ్ళ మీద పడింది.

మునిరామయ్య దగ్గరికి వచ్చాడు. "సారూ, టీసీలు రాసినారా?"

"లేదు."

"రాయొద్దులే. నేను సదువుకునేటప్పుడు అయివోరు తప్పు జేస్తే మా వీపులు పగిలేవి. ఈడ అయివోరు తప్పు జేస్తే పిల్లోళ్ళు కోప్పడకుండా నేర్పిస్తా ఉండారు. నా కూతురు ఇంతమందిలో నోరు తెరిచింది, ఇదే సూడ్డం." గొంతు సవరించుకున్నాడు. "పుస్తకం గూడా అప్పుడప్పుడు తెరిపించండి."

బాలచంద్రకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంక దాచుకోలేకపోయాడు. "మునిరామయ్యా, మీరు దీక్ష అనుకున్నప్పుడు నేను వింటానే ఉన్నాను. కాదని చెప్పలేదు. తప్పయిపోయింది."

"తెలుసులే సారూ. కిటికీలో మీ చెవి కనపడతానే ఉండె."

మంగళవారం, కొండ దిగి వచ్చిన వరదమ్మ లడ్డూ ప్రసాదంతో పాటు మనవరాలిని కూడా వెంటబెట్టుకుని బడికి వచ్చింది. అది సమాధి కాదనీ, తన బుద్ధితక్కువ అనీ, ఈ బడిలో చదువు ఎలా చెబుతారో, పెద్దలు ఎందుకు నోరు మూసుకోవాలో బాలచంద్ర అరగంట సేపు నోరు మూయకుండా వివరించాడు. ఆమె చేతులు కట్టుకుని అంతా విన్నది.

"అంతా బాగుండాది సామీ" అంది చివరికి. "మళ్ళా లోపలికి ఎప్పుడు పోతారు?"