మూడు సెకన్ల అత్తగారు

సొంత సామాను ఉన్నవాడంత దౌర్భాగ్యుడు ఇంకొకడు లేడు! ఈ మాట పూర్తి స్పృహలో ఉండే రాస్తున్నాను.

సినిమా డిస్కు కొన్నారనుకోండి. దాచాలి, దుమ్ము దులపాలి, పక్కింటివాళ్లు పట్టుకెళితే తిరిగి అడగలేక లోలోపల కుమిలిపోవాలి. అదే స్ట్రీమింగ్ అయితే? మనది కాదు కాబట్టి బెంగే లేదు. ఉంటే చూస్తాం, లేకపోతే లేదు. యోగులు ముప్పై ఏళ్లు ముక్కు మూసుకుని సాధించే వైరాగ్యం మనకు నెలవారీ ప్లానులో దొరుకుతోంది!

ఈ జ్ఞానోదయమైన రోజే ఇంట్లో డిస్కులన్నీ బస్తాకెత్తి పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. మా అత్తగారు అడ్డుపడ్డారు.

"ఆ ఒక్కటీ ఉంచు బాబూ, అందులో నేనున్నాను."

ఉన్న మాటే. పడుచుతనంలో ఆవిడ షూటింగు చూడ్డానికి వెళితే, హీరో పాడుతుంటే వెనకనుంచి గొడుగేసుకుని రోడ్డు దాటమన్నారట. మూడు సెకన్లు! ఇంటికొచ్చినవాళ్లకు అది చూపించందే ఆవిడ మంచినీళ్లు కూడా ఇవ్వరు.

"సర్వీసులో ఎప్పటికీ ఉంటుంది అత్తయ్యా, నాదీ పూచీ" అన్నాను.

మొన్న ఆవిడ చిన్ననాటి స్నేహితురాలు వచ్చింది. టీవీ పెట్టాం. పాట వచ్చింది, హీరో వచ్చాడు, గొడుగు రాలేదు! వెనక్కి తిప్పాను, ముందుకు తిప్పాను. సరిగ్గా అక్కడే పాట ఒక్క గెంతు గెంతి రెండో చరణంలో పడుతోంది.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టడం నా బుద్ధితక్కువ.

"ప్రేక్షకులకి విసుగు రాకుండా సినిమాని మెరుగుపరిచాం సార్. కథకి అక్కర్లేని ముక్కలు తీసేశాం" అంది అవతలి అమ్మాయి, ఎంతో తీయగా.

"నేను అక్కర్లేదన్నమాట" అన్నారు అత్తగారు మెల్లగా. నాకు ప్రాణం చివుక్కుమంది.

అయినా సేవ ఆగిందా? లేదు! ఇప్పుడు చుట్టాలొస్తే హాలు మధ్యలో నిలబడి, చేతులూపుతూ ఆ పాట నేనే పాడాలి. నా వెనక అత్తగారు గొడుగేసుకుని వంటింటి గుమ్మం నుంచి వీధి గుమ్మం దాకా నడుస్తారు. మోకాళ్ల నొప్పుల వల్ల మూడు సెకన్లు కాస్తా మూడు నిమిషాలయ్యాయి. నిన్న మా తోడల్లుడు "వన్స్ మోర్" అని అరిచాడు, ద్రోహి!

పాఠకమహాశయులారా! మీలో ఎవరి దగ్గరైనా గొడుగావిడ రోడ్డు దాటే డిస్కు ఉంటే, గీతలు పడ్డా సరే, నాకిచ్చేయండి. చూసి తిరిగిచ్చేయమంటే మాత్రం ఒప్పుకోను. అది మా ఇంట్లో, మా అత్తగారి బీరువాలో, తాళం వేసి ఉండాలి.