యాడికని అడగరాదు

ఆ రోజుకు అనంతపద్మనాభ మేష్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఊళ్ళో ఎవరికీ చెప్పకుండా ఆండర్సన్‌పేట దాటాలి, బెంగళూరు రైలెక్కాలి, అక్కడ విమానం పట్టుకోవాలి. ఆ తర్వాత ఒక ఓడ, చివరికి ఒక పడవ. టూరిస్టులు పొరపాటున కూడా అడుగుపెట్టని ఆ ద్వీపంలో బడి ఉంది, పిల్లలున్నారు, లెక్కల అయ్యవారు మాత్రం లేడు. జీతం లేదు, దారి ఖర్చూ తనదే. పడవ తప్పితే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

రిటైరైన మేష్టారికి ఇంత దూరాభారం ఎందుకయ్యా అంటే, భార్య కుముద పోయాక ఆయన ఇంట్లో మనిషి మాట వినపడలేదు. తన అవసరం ఎవరికీ లేదన్న దిగులు లోపల్లోపల తినేస్తోంది. సముద్రం అవతల ఎవరో అయ్యవారి కోసం ఎదురుచూస్తున్నారంటే ప్రాణం లేచొచ్చింది.

మరి చెప్పకుండా పోవడమెందుకు? అది కుముద పెట్టిన నియమం. ప్రయాణం ముందే చాటితే సాగదని ఆవిడ నమ్మకం. కాశీకి పోతున్నామని వీధంతా చెప్పుకున్న ఏడాదే ఆవిడకు కామెర్లొచ్చాయి. మేష్టారికి శకునాలంటే గిట్టదు గానీ, పోయిన భార్యతో వాదించి గెలిచిన మగాడెవడు?

చెప్పడమైతే మానేశాడు, ఇల్లు సర్దుకోవాలి కదా! ముందు రోజే పాల సొన్నమ్మతో "రేపట్నించి పాలు వద్దమ్మా" అన్నాడు. సైకిలు పక్కింటి దొడ్డమునియప్పకు ఇచ్చేశాడు. ఈ మునియప్ప ఊళ్ళో బంగారు గని మూసేదాకా భూమి కింద పనిచేసినవాడు. ఇక అంగడి వెంకటేశప్పతో గోడ తగాదా వచ్చి ఏళ్ళ తరబడి మాటల్లేవు. పొద్దున స్టేషనుకు పోతూ ఆయన దగ్గరికీ వెళ్ళి, "నాది తప్పుంటే మనసులో పెట్టుకోవద్దప్పా" అన్నాడు. అక్కడితో నోరు మూసుకుని ఉంటే బాగుండేది. ఆ ద్వీపంలో మంచాలుండవట, ఊయల కట్టుకుని పడుకోవాలట.

"నైలాన్ తాడు ఉండాదా?"

"ఉండాది సార్."

"మనిషి బరువు ఆగుతుందా?"

"ఎవురి బరువు సార్?"

"నాదే."

వెంకటేశప్ప చేతిలో కత్తెర ఆగిపోయింది. బయల్దేరినవాణ్ణి ఎక్కడికని అడిగితే అపశకునం, కొంప మునుగుతున్నా అక్కడ ఎవరూ అడగరు. "దూరమా సార్?" అని మాత్రం గొణిగాడు.

"శానా దూరమప్పా" అని మేష్టారు తాడు సంచిలో పెట్టుకుని నడిచాడు.

నడిచినవాడు రోడ్డు వదిలి, నీళ్ళు నిండిన పాత గని గుంత పక్కనున్న అడ్డదారి పట్టాడు. స్టేషనుకు అది దగ్గర, ఎవరూ ఎదురుపడరు. ఎదురుపడకపోతేనేం, వెనకాల వెంకటేశప్ప సొన్నమ్మను కేకేశాడు, సొన్నమ్మ మునియప్పను కేకేసింది. తాడు, పాలు, సైకిలు, మూడూ ఒకచోట కలిశాయి. అనుమానం పెనుభూతమంటారు, ఆ భూతం వీధి వీధినంతా వెంటేసుకుని పరుగెత్తింది.

మునియప్ప వెనకనుంచి వచ్చి మేష్టారి నడుం పట్టేశాడు. సొన్నమ్మ కాళ్ళ మీద పడింది. వెంకటేశప్ప సంచి లాక్కుని తాడు పైకెత్తి చూపగానే గుంపు గొల్లుమంది.

"వదలండప్పా, రైలొచ్చే టైమయింది!"

"తాడు, గుంత, ఇంగ రైలు గూడానా సార్!" అని సొన్నమ్మ గుండెలు బాదుకుంది.

"అయ్యో రామా! ద్వీపానికి పోతుండాను, పిల్లకాయలకు లెక్కలు చెప్పేదానికి!"

"జీతమెంతిస్తారు?" అన్నాడు వెంకటేశప్ప.

"జీతం లేదు."

"చార్జీ?"

"నేనే పెట్టుకుంటుండాను."

తెల్లారకముందే కిక్కిరిసిన రైలెక్కి బెంగళూరులో కూలి వెతుక్కునే ఊరది. సొంత డబ్బు పెట్టుకుని సముద్రం నడిమధ్య ఊరికే పనిచేస్తానంటే నమ్మేదెవరు? మేష్టారు విమానం టికెట్టు తీసి చూపించాడు. తిరిగొచ్చే టికెట్టు ఏదన్నారు. అది ఇంకా కొనలేదు.

"పాపం, తల గూడా చెడింది" అని వెంకటేశప్ప కళ్ళొత్తుకున్నాడు.

ఆయన్ను ఎత్తుకొచ్చి ఇంట్లో కూర్చోబెట్టి, ఈగ వాలకుండా కాపలా కాశారు. బెంగళూరులో ఉన్న కూతురు స్మితకు ఒక్కదానికే సంగతి ముందే తెలుసు. ఆమె ఎప్పటికో ఫోనెత్తి, నాన్న చెప్పింది అక్షరాలా నిజమని చెప్పేసరికి విమానం వెళ్ళిపోయింది.

"మీ మంచికే చేసినాము సార్..."

"ఏం మంచి? ఎవురికన్నా ఒకరికి పనికొచ్చి చావాలనుకుంటే అదీ చెడగొట్టినారు గదా!" అని మేష్టారు అందరి ముందే ఏడ్చాడు. చావు మాట వినగానే జనం మళ్ళీ అనుమానంగా చూసి, ఎందుకైనా మంచిదని మునియప్పను కాపలా పెట్టి జారుకున్నారు.

ఏడుపు తగ్గాక మేష్టారికి ఒక సందేహం వచ్చింది. "పాలు మాన్పిస్తే, వస్తువులిచ్చేస్తే చచ్చేదానికేనని నీకెట్లా తెలిసె మునియప్పా?"

మునియప్ప నేల చూశాడు. "దసరా ముందర నేనూ అట్లే చేస్తిని సార్. మీ గునపం తిరిగిచ్చినాను."

నిజమే, ఆ రోజు తెచ్చిచ్చాడు. "భలే, ఇన్నాళ్ళకు గుర్తొచ్చిందా!" అని ఎగతాళి చేసి మేష్టారు తలుపేసుకున్నాడు.

"గుంత కాడ శానా సేపు కూర్చుంటిని. ఎవురన్నా వచ్చి పిలుస్తారేమో అని. ఎవురూ రాలేదు. ఆకలేసింది, లేచొస్తిని."

మేష్టారు సిగ్గుతో కుంచించుకుపోయాడు. జరిగి అతని పక్కన కూర్చుని, "ఇప్పుడెట్లుండాది?" అన్నాడు.

"పొద్దున మీ వెనక పరుగెత్తేటప్పుడు బాగుండె సార్. ఒక పని దొరికినట్లుండె."

సాయంత్రం స్మిత మళ్ళీ ఫోన్ చేసింది. మునియప్ప అరుగు మీద గురక పెడుతున్నాడు.

"ఆ చోటు వేరేవాళ్ళకు ఇచ్చేసినారంట నాన్నా. ఇంగ ఏం చేస్తావు?"

"మునియప్పకు కాపలా ఉంటాను."

"ఆయన గదా నీకు కాపలా?"

"అట్లే అనుకోనీ. వీధంతా అట్లే అనుకుంటుండాది."

"జీతం లేదు, బత్తెం లేదు, ఇదేం పని నాన్నా?"

"అక్కడ మాత్రం ఇస్తామనిరా? ఇక్కడైతే పడవెక్కే పని లేదు."