రాయ్స్ కోరిన సెపరేషన్

ఆ శుక్రవారం ఉదయం ఓపల్ అనుకున్న పని ఒక్కటే. సాయంత్రం పొరుగూరిలో జరిగే ఆటకి పీకన్ గింజలతో పై అనే తీపి వంటకం చేసి పట్టుకెళ్ళాలి. ఆవిడ అల్లుడు రాయ్స్ హైస్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో బంతి అందుకునే కుర్రాళ్ళకి కోచ్. ఆవిడ పిండి కలుపుతుండగా వరండాలో అతను ఫోన్లో మాట్లాడటం వినబడింది.

"ఒక రకం మొదట్లోనే మీద పడుతుంది. గుండెల మీద చేతులేసి కదలనివ్వదు. ఎదురు తోయకు, చేతులు విదిలించుకుని పక్కనుంచి జారుకో. ఇంకో రకం దూరదూరంగా ఉంటుంది. దాని దగ్గరికి నువ్వే వెళ్ళి, అది అటు తిరగ్గానే నీ దారి నువ్వు చూసుకో. ఏదైనా సరే, ఇవాళ సెపరేషన్ రావాల్సిందే!"

ఓపల్ పిండి గిన్నె పక్కన పెట్టేసింది. ఆవిడ మొదటి భర్త ఆ మాటే అని, ట్రక్కు శుభ్రంగా కడుక్కుని మరీ వెళ్ళిపోయాడు. వెంటనే బ్యాంకులో ఉన్న కూతురికి ఫోన్ చేసింది.

"ట్రూడీ, నువ్వు మీదపడే రకానివా, దూరంగా ఉండే రకానివా?"

"కౌంటర్లో జనం ఉన్నారమ్మా! అవేం ప్రశ్నలు?"

"మీ ఆయనకి రెండు రకాలూ ఉన్నాయటే. ఇవాళే సెపరేషన్ కావాలట!"

ట్రూడీ పరుగున ఇంటికొచ్చింది. ఏడుస్తూ మొగుడి బట్టలన్నీ పెద్ద బ్యాగులో కుక్కి గుమ్మంలో పడేసింది. మధ్యాహ్నం వచ్చిన రాయ్స్ దాన్ని చూసి మురిసిపోయాడు.

"ఆటకి నా బ్యాగు నువ్వే సర్దేశావా! బంగారానివే నువ్వు!" అని భుజాన వేసుకుని బస్సెక్కడానికి పోయాడు.

"చూశావా అమ్మా? ఈల వేసుకుంటూ పోయాడు!"

"అక్కడే నిలదీద్దాం పద."

స్టాండ్స్‌లో ఇద్దరూ పళ్ళు నూరుతూ కూర్చున్నారు. ఆట మొదలవగానే అవతలి జట్టువాడు మన కుర్రాడి గుండెల మీద చేతులేసి తోశాడు. వీడు ఆ చేతులు విదిలించి, పక్కనుంచి జారి, ఒంటరిగా పరిగెత్తి బంతి అందుకున్నాడు.

"అదీ సెపరేషన్ అంటే!" అని పక్కనున్న ముసలాయన టోపీ ఎగరేశాడు.

ఓపల్ ఆయన మోచెయ్యి పట్టుకుంది. "ఏది బాబూ సెపరేషన్?"

"వాడికీ, వాడిని కాపు కాసే కార్నర్‌బ్యాక్‌కీ మధ్య పడిన ఆ ఎడమండీ!"

"మరి ఆ రెండు రకాలూ?"

"మీదపడే కార్నర్‌బ్యాకులు, దూరంగా నిలబడే కార్నర్‌బ్యాకులు. ఏం, మీరు మన ఊరివాళ్ళు కాదా?"

తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆట గెలిచాక రాయ్స్ తెరిచిన బ్యాగుతో వచ్చాడు.

"ట్రూడీ, చలికోట్లు, పెళ్ళినాటి సూటు... ఒక్క పూటకి ఇన్నెందుకే?"

ట్రూడీ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "చలేస్తుందేమోనని."

టెక్సస్‌లో అప్పుడు సెప్టెంబరు మొదటి వారం, రాత్రి కూడా ఉక్కపోతే.