బొట్టు పెట్టిన కొత్త సరుకు

ఆ ఉదయం పదింటికల్లా రెండొందల గారెలు వేసెయ్యాలని సింహాచలమ్మ అనుకుంది. జంషెడ్‌పూర్ బర్మామైన్స్ పేటలోని చర్చిలో పన్నెండింటికి పక్కింటి బాలకుమారి కూతురి నిశ్చితార్థం. మూడు కిలోల మినపప్పు నానింది. తీరా రుబ్బబోతే మిక్సీ లేదు. అల్మారా మీద ఉండే దాని అట్టపెట్టె కూడా లేదు.

"ఒరే కిషోరూ, నా మిక్సీ ఏదిరా?" అని కొడుక్కి ఫోన్ చేసింది.

"టెన్షన్ మత్ లో అమ్మా. ఫ్యాక్టరీకి తెచ్చాను. శామ్ కో వాపస్."

"సాయంత్రం రుబ్బుకుని ఏటి చేసుకోనురా? ఉండు, నానే వత్తన్నాను!"

కిషోర్ పనిచేసేది ఊరవతల గమ్హరియాలోని మిక్సీల ఫ్యాక్టరీలో. విదేశీ కంపెనీలు వాళ్ళ దేశంలో అమ్మే ధర కంటే తక్కువకు మిక్సీలు తెచ్చి ఇక్కడ కుమ్మరిస్తున్నాయనీ, తమ సరుకు గోదాములో మూలుగుతోందనీ, ఆ దిగుమతుల మీద యాంటీ డంపింగ్ సుంకం వేయాలనీ ఆ ఫ్యాక్టరీ ఢిల్లీకి అర్జీ పెట్టింది. మూలుగుతున్న సరుకును చూడటానికి అధికారి ఆ రోజే వస్తున్నాడు. కానీ దీపావళి ముందు వచ్చే ధన్‌తేరస్ కొనుగోళ్ళకు సరుకంతా అమ్ముడుపోయి గోదాము ఖాళీగా ఉంది. అందుకని మేనేజరు సత్యప్రసాద్, పనివాళ్ళ ఇళ్ళలో ఉన్న కంపెనీ మిక్సీలన్నీ పెట్టెలతో సహా తెమ్మన్నాడు.

సింహాచలమ్మ ఆటోలో దారి పొడవునా తిడుతూనే ఉంది. తననే తిడుతోందనుకున్న డ్రైవరు ఎక్కడా ఆపకుండా పోనిచ్చాడు.

అప్పటికి గోదాములో అధికారి మొదటి పెట్టె తెరిచాడు. మిక్సీకి కుంకుమ బొట్టు ఉంది. రెండోదానికీ ఉంది. మూడోదానికి బొట్టుతోపాటు అంచున ఎండిన పిండి కూడా ఉంది. జంషెడ్‌పూర్‌లో విశ్వకర్మ పూజనాడు బొట్టు పడని యంత్రం ఉండదు. ఆ సంగతి ఢిల్లీవాడికి తెలియదు.

"కొత్త సరుకుకు బొట్టేమిటి?" అన్నాడు హిందీలో.

"శుభానికి సార్. బొట్టు పెట్టందే మేం ప్యాక్ చెయ్యం," అన్నాడు సత్యప్రసాద్.

"మరి ఈ పిండి?"

"టెస్టింగ్ సార్."

"టెస్టింగ్ ఏటయ్యా, అది నా గారెల పిండి!" అంటూ గుమ్మంలోంచి దూసుకొచ్చింది సింహాచలమ్మ.

సత్యప్రసాద్ ఆమెను పక్కకు లాగి, "పిన్నిగారూ, గొడవ చేస్తే సుంకం పడదు. సుంకం పడకపోతే ఫ్యాక్టరీ ఉండదు, మీవాడి ఉద్యోగమూ ఉండదు," అని గుసగుసలాడాడు.

"ఆడి ఉద్యోగం నిన్నమొన్నటిది. ఆడు తిని పెరిగింది నా గారెల మీద! నీ అబద్ధానికి నా మిక్సీయే దొరికిందేటి?"

"ఇది మీదేనని గుర్తేమిటి?" అని మిక్సీని పట్టుకున్న ఆమెను అధికారి హిందీలోనే అడిగాడు.

"అడుగున నా పేరు గీసుకున్నాను, స్టీలు గిన్నెల మీద ఏయించినట్టు." ఆమె మిక్సీని బోర్లించి, అట్టకట్టిన పిండిని చీర కొంగుతో గట్టిగా రుద్దింది. పిండితోపాటు కంపెనీ స్టిక్కరూ ఊడొచ్చింది. 'సిం' అని గీసిన అక్షరం కనిపించింది. దాని పక్కనే, స్టిక్కరు కింద, ఒక విదేశీ కంపెనీ ముద్ర కనిపించింది.

అధికారి రెండో మిక్సీ స్టిక్కరును గోటితో పీకాడు. అదే ముద్ర. ఏడోదానికీ అదే.

"ఇంతకీ మీ ఫిర్యాదు ఎవరిమీద?" అన్నాడు నెమ్మదిగా.

సింహాచలమ్మకు అసలు కోపం అప్పుడొచ్చింది. "సిగ్గులేదేటయ్యా నీకు? బజార్లో సగం ధరకి దొరికేదానికి నీ కాగితం అతికించి, స్వదేశీ అని మావోడికే అంటగట్టావా!"

మిక్సీని చంకన పెట్టుకుని వచ్చేసింది. ఎబెనేజర్ పాస్టరుగారి ప్రార్థన పొడుగైనందువల్ల గారెలు వేళకే అందాయి.

సుంకం పడలేదు, ఫ్యాక్టరీకి తాళం పడింది. సోమవారం నుంచి కిషోర్ ఇంట్లో మినపప్పు కడుగుతున్నాడు. మిక్సీని మాత్రం సింహాచలమ్మ ఇంకా అతని చేతికి ఇవ్వడం లేదు.