బ్రేకోపాఖ్యానం

ఒక మాటకు ఒకే అర్థం ఉండడం దరిద్రం! ఆ దరిద్రం మన తెలుగుది. ఇంగ్లీషుకు లేదు.

నమ్మరా? దారం తెగుతుంది. కొమ్మ విరుగుతుంది. కుండ పగులుతుంది. ఉపవాసం విడుస్తాం, రికార్డు బద్దలు కొడతాం. ఎన్ని మాటలు! ఎంత దుబారా! ఇంగ్లీషువాడు అన్నిటికీ కలిపి ఒకే ముక్క పెట్టుకున్నాడు: బ్రేక్. ఎన్ని ముక్కలైనా వాడికి ముక్క ఒకటే!

అది చాలదన్నట్టు మన లిపి ఇంకో మేలు చేసింది. బండిని ఆపే బ్రేకుకు ఇంగ్లీషులో స్పెల్లింగు వేరట. తెలుగులో రాస్తే ఆ తేడా కూడా లేదు. బర్గూరులో బండ పగిలినా, కుందారపల్లి దగ్గర బండి ఆగినా బ్రేకే!

ఇంతటి మాట మా ఇంటికే నడిచొచ్చింది.

నా మేనల్లుడు మంజు మూకండపల్లిలో బ్రేకులు తయారుచేసే ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ. ఉగాదికి పర్మనెంట్ చేస్తానని మేనేజరు మాట ఇచ్చాడు. పర్మనెంట్ అయితేనే వినుతను ఇస్తామని పిల్ల తరఫువాళ్ళు తెగేసి చెప్పారు. చూశారా, అక్కడా ఒక తెగడం!

ఉగాది ముందర మంజు ఇంటికొచ్చి, "బ్రేక్ ఇచ్చినారమ్మా" అని ముసుగుతన్ని పడుకున్నాడు.

వాళ్ళమ్మ, అంటే మా చెల్లెలు అంజనమ్మ, టీవీ చూసే మనిషి. ఫలానా డైరెక్టరు నాకు బ్రేక్ ఇచ్చాడని హీరోలు దండాలు పెట్టడం రోజూ చూస్తుంది. ఇంకేం! ఒబ్బట్లు చేసింది. వీధంతా పంచి మా ఇంటికీ తెచ్చింది.

"తినన్నా! మంజుకు బ్రేక్ ఇచ్చినారంట. ఇంక పర్మనెంటే!"

తింటుండగా వెనకే మంజు వచ్చాడు.

"ఆ బ్రేక్ కాదుమ్మా. మూడు నెలలు పనికి రావద్దని చెప్పినారు. మళ్ళా కొత్తగా చేరాల. పాత సర్వీసు లెక్కకు రాదు."

"అంటే, టీ తాగేకి పంపినారా?"

"ఊఁ. మూడు నెలలు తాగాల!"

ఆహా, ఇదీ ఇంగ్లీషు నాగరికత! వెళ్ళగొట్టినా విశ్రాంతి ఇచ్చినట్టే ఉంటుంది. బ్రేకులు చేసినవాడికే బ్రేకు వేశారు, ఒక్క కీచుమన్న చప్పుడైనా రాలేదు! అవతల వినుత వాళ్ళు కూడా పెళ్ళి మాటలకు బ్రేకే ఇచ్చారు.

అంజనమ్మ మాత్రం వదల్లేదు.

"ఉగాదికని మేనేజరు మాటిచ్చినాడు కదన్నా. ఇచ్చిన మాట నిలబెట్టకపోతే ఇంగ్లీషులో ఏమంటారు?"

"అదీ బ్రేకే, అంజనమ్మా."

ఆమె ఒబ్బట్ల గిన్నెకు మూత పెట్టింది. "మనం అట్లంటామా? మాట తప్పినాడు అంటాం."

అందుకే పాఠకులారా, తెలుగు దరిద్రపు భాష. దాక్కోవడానికి ఒక్క మాటలోనూ చోటు లేదు!

అన్నట్టు, ఆ మేనేజరు మన తెలుగువాడే. ఫ్యాక్టరీలో మంజుతో రోజూ తెలుగే మాట్లాడతాడు. ఆ ఒక్క ముక్క మాత్రం ఇంగ్లీషులో చెప్పాడు.